గుండె రోగికి ఆలస్యంగా అందిన ఊరట

1870ల్లో లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో రెజినాల్డ్ సౌథీ అనే వైద్యుడు గుండె బలహీనపడటం వంటి కారణాలతో ఒళ్లంతా నీరుపట్టిన రోగుల కోసం ఓ పద్ధతి కనిపెట్టాడు. సన్నని వెండి గొట్టాన్ని ఉబ్బిన కాలి చర్మం కిందికి గుచ్చి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, రెండో కొసను మంచం కింది పాత్రలో పెట్టేవారు. చుక్క చుక్కగా లీటర్ల కొద్దీ నీరు దిగేది. గుచ్చినచోట చీము పట్టే ప్రమాదం ఉండేది, అసలు జబ్బూ పోయేది కాదు. కానీ రాయిలా బిగిసిన కాళ్లు తేలికపడేవి.

నయం కాకపోయినా బాధ తగ్గించాలన్న ఆలోచన గుండె రోగుల విషయంలో అంత పాతది. 1960ల్లో ఒంట్లోని నీటిని మూత్రంగా బయటకు పంపే ఫ్యూరోసెమైడ్ మందు వచ్చాక ఆ గొట్టాలు మూలకు చేరాయి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1967లో, సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు లండన్‌లో, మరణానికి చేరువైనవారిని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా, వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలన్నది ఆమె పట్టుదల. ఆధునిక పాలియేటివ్ కేర్‌కి, అంటే బాధ తగ్గించే వైద్యానికి, అదే పునాది. అయితే ఆ ఉద్యమం చాలాకాలం క్యాన్సర్ చుట్టూనే తిరిగింది. ఆ హాస్పిస్ తెరవడానికి నాలుగేళ్ల ముందే, 1963లో, జాన్ హింటన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ మరణానికి చేరువైన రోగులను పరిశీలించి, గుండె, కిడ్నీలు చెడినవాళ్ల శారీరక బాధకు ఉపశమనం మరింత తక్కువగా దొరుకుతోందని రాశాడు. దాన్ని పట్టించుకోవడానికి దశాబ్దాలు పట్టడం క్షమించరానిది.

కారణం లేకపోలేదు. ముదిరిన క్యాన్సర్‌లో చివరి నెలల క్షీణత చాలావరకు ఒకే దిశలో సాగుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ అలా కాదు. ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన మనిషి వారంలో తేరుకుని ఇంటికొస్తాడు, మళ్లీ చేరతాడు. ఏది ఆఖరిసారో డాక్టరుకే తెలియదు, ఇక ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారు?

2002లో ప్రచురితమైన ఓ అధ్యయనం కోసం ఎడిన్‌బరాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 20 మందితో, గుండె రోగులు 20 మందితో పరిశోధకులు పదేపదే మాట్లాడారు. తమ జబ్బు ఎటు పోతోందో గుండె రోగులకే తక్కువ తెలుసు, వాళ్లకు అందే సాయమూ తక్కువే. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం మార్చి, ప్రాణాపాయకరమైన ఏ జబ్బుకైనా, మొదటి నుంచే, మామూలు చికిత్సతోపాటు పాలియేటివ్ కేర్ ఇవ్వవచ్చంది.

ఆ తర్వాత కొత్త ప్రశ్నలూ వచ్చాయి. గుండె లయ తప్పితే షాకిచ్చి సరిచేయడానికి ఛాతీలో అమర్చిన డీఫిబ్రిలేటర్ మరణశయ్యపై కూడా షాకులు కొడుతుంది. 2010లో అమెరికా, యూరప్ వైద్యసంఘాలు రోగి కోరితే దాన్ని ఆపవచ్చని స్పష్టంగా రాశాయి. అందుకు కోత అక్కర్లేదు, బయటి నుంచే ఆపవచ్చు. షాకులు మాత్రమే ఆగుతాయి, గుండె ఆగదు.