కారు గేరుబాక్సు లోపాలు - రీకాల్

కారు ఇంజనులో పుట్టిన శక్తిని అవసరమైన వేగానికి, బలానికి తగినట్లు మార్చి చక్రాలకు అందించే యంత్రభాగాన్ని గేరుబాక్సు లేదా ట్రాన్స్‌మిషన్ అంటారు. ఒక రకం కార్లలో భద్రతకు ముప్పు కలిగించే తయారీ లోపం ఉన్నదని తేలినపుడు ఉత్పత్తిదారు ఆ కార్లను వెనక్కి పిలిపించి ఉచితంగా సరిచేయడాన్ని రీకాల్ అంటారు. గేరుబాక్సు చెడిపోయిన ప్రతి కారూ రీకాల్ పరిధిలోకి రాదు. చెడిపోయినది వాడకం వలన అరిగిన భాగమా, లేక తయారీలోనే లోపమున్న భాగమా అన్నదానిని బట్టి మరమ్మతు ఖర్చు యజమాని భరించాలా, కంపెనీ భరించాలా అన్నది నిర్ణయమవుతుంది. హైదరాబాదులోని అమీర్‌పేట, పంజగుట్ట వంటి రద్దీ కూడళ్ళలో నిత్యం తిరిగే కార్ల విషయంలో ఈ తేడాను తేల్చడం మరింత కష్టం.

గేరుబాక్సు రకాలు

మాన్యువల్: డ్రైవరు ఎడమ కాలితో క్లచ్ నొక్కి, చేతితో గేరు మార్చే పద్ధతి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో చాలాకాలం పాటు గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. 1983లో వచ్చిన మారుతి 800తో నేలపై ఉండే గేరు రాడ్డు సాధారణమైనది.

ఏఎంటీ: ఇది మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే పనులను మనిషికి బదులు మోటార్లు లేదా హైడ్రాలిక్ పరికరం చేస్తాయి. భారతదేశంలో 2014లో మారుతి సెలెరియోతో ఈ పద్ధతి సామాన్య కొనుగోలుదారులకు అందుబాటులోకి వచ్చింది.

టార్క్ కన్వర్టర్: ఇంజనుకు, గేర్లకు మధ్య క్లచ్ పలకకు బదులు ద్రవం ద్వారా శక్తి ప్రసరించే పద్ధతి. ఆటోమాటిక్ రకాలలో ఇది పాతది.

సీవీటీ: ఇందులో విడివిడి గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య తిరిగే బెల్టు లేదా గొలుసు సాయంతో నిష్పత్తి నిరంతరంగా మారుతూ ఉంటుంది. కొన్ని కంపెనీలు దీనినే ఐవీటీ అని పిలుస్తాయి.

డ్యుయల్ క్లచ్: బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు మరొక క్లచ్ ఉండే పద్ధతి. ఈ క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటే తడి రకమని, లేకపోతే పొడి రకమని అంటారు. పొడి రకానికి నూనె ద్వారా చల్లబడే అవకాశం లేదు.

లోపాల లక్షణాలు

మాన్యువల్ కార్లలో గేరు పడేటపుడు గరగరమని శబ్దం రావడం, పడిన గేరు దానంతట అదే జారిపోవడం, ఎక్సలేటరు తొక్కితే ఇంజను వేగం పెరిగినా కారు ముందుకు కదలకపోవడం ముఖ్య లక్షణాలు. మొదటిది సింక్రోనైజరు లేదా క్లచ్ సరిగా విడివడకపోవడం వలన, రెండవది గేర్లు లేదా వాటిని జరిపే ఫోర్కుల అరుగుదల వలన, మూడవది క్లచ్ పలక అరగడం వలన సాధారణంగా వస్తాయి.

ఆటోమాటిక్ కార్లలో కదిలేటపుడు కారు వణకడం, గేరు మారేటపుడు కుదుపు, గేరు పడడంలో ఆలస్యం, హెచ్చరిక దీపం వెలగడం, కారు ఒకే గేరులో ఉండిపోవడం కనిపిస్తాయి. ఈ చివరి స్థితి చాలావరకు గేరుబాక్సును కాపాడుటకు కంప్యూటరు ఎంచుకొనే రక్షణ విధానం. నడుస్తున్న కారు హఠాత్తుగా శక్తి కోల్పోవడం, పార్కింగులో ఉంచామనుకున్న కారు దొర్లిపోవడం అన్నిటికంటే ప్రమాదకరమైనవి.

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల పరిస్థితి

పుణె నుండి మచిలీపట్నం వెళ్ళే 65వ నెంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నెంబరు) అమీర్‌పేట, పంజగుట్ట, ఖైరతాబాదుల మీదుగా నగరాన్ని దాటుతుంది. అమీర్‌పేటలోని శిక్షణా సంస్థలకు, పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి వచ్చే వాహనాలు కూడా ఇదే దారిలో కలుస్తాయి. 2017 నవంబరులో అమీర్‌పేట మీదుగా, 2018 సెప్టెంబరులో పంజగుట్ట మీదుగా మెట్రో రైలు మొదలైనా రోడ్డుపై రద్దీ కొనసాగుతూనే ఉన్నది.

ఇటువంటి దారిలో కారు కొద్ది అడుగులు కదిలి ఆగుతూ ఉంటుంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అని పిలిచే స్థితిలో, అనగా క్లచ్ పూర్తిగా పట్టక, పూర్తిగా విడవక ఉన్నపుడు, పలకలు ఒరుసుకొని వేడెక్కుతాయి. ఏఎంటీ, పొడి డ్యుయల్ క్లచ్ కార్లలో డ్రైవరు ప్రమేయం లేకుండానే ఇదే జరుగుతుంది. పంజగుట్ట ఫ్లైఓవరు ఎక్కే వాలు మీద బ్రేకుకు బదులు ఎక్సలేటరుతోనే కారును నిలబెట్టడం దీనిని మరింత పెంచుతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే నగరంలో ఈ వేడి త్వరగా చల్లారదు.

వర్షాకాలంలో నీట మునిగిన కార్లది వేరొక సమస్య. గేరుబాక్సు పైన గాలి పోవుటకు ఉండే చిన్న రంధ్రం ద్వారా నీరు లోపలికి చేరితే నూనె పాల రంగుకు మారి జిడ్డు గుణాన్ని కోల్పోతుంది. 2020 అక్టోబరు వరదలలో నగరంలో అనేక వాహనాలు నీట మునిగాయి. ఇటువంటి నష్టం వారంటీ కిందకు రాదు, బీమా పాలసీ షరతులను బట్టి పరిహారం ఉంటుంది.

వాడకమా, తయారీ లోపమా

గేరుబాక్సు వివాదాలలో అసలు ప్రశ్న ఇదే. క్లచ్ పలకలు అరిగే భాగాలని వారంటీ పత్రాలలో సాధారణంగా మినహాయిస్తారు. అందువలన కారు వణుకుతున్నదని సర్వీసు సెంటరుకు వెళ్ళిన యజమానికి, లోపం కారులో లేదని, నడిపే తీరులో ఉన్నదని సమాధానం రావచ్చు. ఒక్కోసారి అది నిజమే. అయితే నగర రద్దీలో నడవడం కారుకు సాధారణ వాడకమే కాబట్టి, అతి తక్కువ దూరానికే ఒకే రకం కార్లు అనేకం ఒకే విధంగా చెడిపోతే దానిని డ్రైవరు తప్పుగా భావించలేము.

ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీ ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలోని పవర్‌షిఫ్ట్ అనే పొడి డ్యుయల్ క్లచ్ గేరుబాక్సు వణుకుతున్నదని యజమానులు ఫిర్యాదు చేయగా, వారు నడిపే తీరే కారణమని కంపెనీ పలువురికి చెప్పింది. గేరుబాక్సులో సమస్యలున్న సంగతి కంపెనీకి అప్పటికే తెలుసు. ఫిర్యాదుల పట్ల వ్యవహరించిన తీరు అన్యాయమైనదని నిర్ధారించి 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఒక కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

రీకాల్ చట్టాలు

అమెరికాలో 1966 నాటి వాహన భద్రతా చట్టంతో రీకాల్ విధానానికి చట్టబద్ధత వచ్చింది. భారతదేశంలో చాలాకాలం అటువంటి చట్టం లేదు. 2012 జూలైలో వాహన ఉత్పత్తిదారుల సంఘమైన సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళిని ప్రవేశపెట్టింది.

2019 మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా 110ఎ సెక్షను చేరింది. పర్యావరణానికి గాని, డ్రైవరుకు, ప్రయాణికులకు, ఇతర బాటసారులకు గాని హాని కలిగించగల లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలిపించవలసిందిగా కేంద్ర ప్రభుత్వం దీని ప్రకారం ఆదేశించవచ్చు. ఉత్పత్తిదారు ఆ వాహనాన్ని బాగుచేయడం గాని, మార్చి ఇవ్వడం గాని, ధర తిరిగి చెల్లించడం గాని చేయవలసి ఉంటుంది. దీనికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఇవి ఏడేళ్ళలోపు వాహనాలకు వర్తిస్తాయి. అమ్మకాల సంఖ్యను బట్టి నిర్ణీత సంఖ్యలో యజమానుల ఫిర్యాదులు అందితే విచారణ మొదలవుతుంది. ప్రభుత్వమే రీకాల్‌కు ఆదేశించవలసి వచ్చినపుడు వాహనాల రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుండి ఒక కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. కాబట్టి ఒక్క యజమాని చేసే ఫిర్యాదు కూడా లెక్కలోకి వస్తుంది.

గేరుబాక్సు రీకాల్ ఉదంతాలు

* 2013 మార్చిలో చైనాలో ఫోక్స్‌వ్యాగన్ 3,84,181 కార్లను ఏడు గేర్ల పొడి డ్యుయల్ క్లచ్ లోపాల కారణంగా వెనక్కి పిలిపించింది. అదే సంవత్సరం నవంబరులో ఇతర దేశాలలో కూడా ఈ గేరుబాక్సులోని సింథటిక్ నూనెకు బదులు మినరల్ నూనె పోసే కార్యక్రమం చేపట్టింది. వేడి, తేమ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో పాత నూనె వలన విద్యుత్ సమస్యలు తలెత్తడం దీనికి కారణం.
* 2016 ఏప్రిల్‌లో ఫియట్ క్రైస్లర్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 11 లక్షల కార్లను రీకాల్ చేసింది. గేరు మీట ప్రతిసారీ మధ్య స్థానానికే తిరిగి రావడంతో, పార్కింగులో పడిందనుకొని డ్రైవర్లు దిగిపోగా కార్లు దొర్లిపోయాయి.
* 2024 ఫిబ్రవరిలో భారతదేశంలో హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా కార్లను, కియా 4,358 సెల్టోస్ కార్లను రీకాల్ చేశాయి. 2023లో తయారైన ఈ పెట్రోలు ఐవీటీ కార్లలో గేరుబాక్సుకు నూనె అందించే ఎలక్ట్రానిక్ పంపు కంట్రోలరు లోపభూయిష్టమైనది.

2024 ఆగస్టులో మారుతి సుజుకి 2,555 ఆల్టో కె10 కార్లను రీకాల్ చేసినది స్టీరింగు గేరుబాక్సు గురించి. అది చక్రాలను తిప్పే భాగం. పేరు ఒకటే అయినా దానికి ట్రాన్స్‌మిషన్‌తో సంబంధం లేదు.

న్యాయస్థానాల తీర్పులు

రీకాల్ లేనపుడు యజమానికి వినియోగదారుల కమిషనే ముఖ్య మార్గం. కారు మొత్తం మార్చి ఇవ్వాలని చాలామంది కోరతారు గాని అది సులభంగా లభించదు. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో క్లచ్ లోపంపై వచ్చిన వివాదంలో, వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం వరకే కంపెనీ బాధ్యత అని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో సి.ఎన్.అనంతరామ్, ఫియట్ ఇండియా కేసులో స్వతంత్ర నిపుణునిచే కారును పరీక్ష చేయించాలని, తయారీ లోపమని తేలితే ధర తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. నిపుణుని నివేదిక ఎంత కీలకమో ఈ తీర్పు తెలుపుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009 సెప్టెంబరు 25న ఒక నిర్మాణ సంస్థ కొన్న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కేసు మరొకటి. ఇది గేరుబాక్సు కేసుగా కాక, లోపమున్న కారు కేసుగా ప్రసిద్ధి చెందినది. కొన్న కొద్ది రోజులకే కారును వర్క్‌షాపుకు తరలించవలసి వచ్చింది. మోసం జరిగినదని పెట్టిన క్రిమినల్ కేసును 2012లో హైకోర్టు కొట్టివేసింది. అయితే కొత్త కారు ఇవ్వాలని ఆదేశించింది. కంపెనీ అందుకు సిద్ధపడినా ఫిర్యాదుదారు అంగీకరించలేదు. చివరకు 2024 జూలైలో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. కారు కొన్ననాటి నుండి పరిష్కారం వరకు దాదాపు 15 సంవత్సరాలు పట్టింది.

యజమాని తీసుకోవలసిన చర్యలు

* సర్వీసు సెంటరులో నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు విలువ ఉండదు. లక్షణాన్ని, అప్పటికి కారు తిరిగిన దూరాన్ని జాబ్ కార్డులో రాయించి ప్రతి తీసుకోవాలి. సమస్య ఏమీ కనబడలేదని వారు చెప్పినా ఆ మాట కూడా జాబ్ కార్డులో ఉండాలి.
* వణుకు, శబ్దం, హెచ్చరిక దీపం వచ్చినపుడు తోటివారి చేత వీడియో తీయించి ఉంచుకోవాలి.
* వారంటీ గడువులో బయటి షెడ్డులో గేరుబాక్సు విప్పించరాదు. రాణీగంజ్, పుత్లీబౌలీ దుకాణాలలో దొరికే పాత విడిభాగాలు వేయిస్తే తరువాత కంపెనీని ప్రశ్నించే అవకాశం సన్నగిల్లుతుంది. మార్చిన పాత భాగం సాక్ష్యమే కాబట్టి దాని ఫోటోలు తీసి ఉంచాలి.
* రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ నెంబరుతో కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ ఉన్నదేమో చూడాలి. కంపెనీ ఉత్తరాలు మొదటి యజమాని చిరునామాకే వెళ్ళే అవకాశం ఉన్నందున, సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఇది మరీ ముఖ్యం. రీకాల్ పనికి డబ్బు చెల్లించనవసరం లేదు.
* డీలరుకు, కంపెనీకి రాతపూర్వకంగా తెలిపినా ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. తరువాత కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం ప్రకారం యజమాని తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషను, అంతకు మించి 2 కోట్ల వరకు ఉంటే రాష్ట్ర కమిషను విచారిస్తాయి.

వ్యాపారం కొరకు కొన్న వాహనాలు ఈ చట్టం కిందకు రావు. అయితే స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కొరకే కొన్న వాహనానికి మినహాయింపు ఉన్నది. కాబట్టి అప్పు చేసి కారు కొని, దానిని తానే నడుపుకొనే క్యాబ్ డ్రైవరు కూడా వినియోగదారుడే. గేరుబాక్సు పోయి కారు షెడ్డులో నిలిచిన ప్రతి రోజూ అతనికి ఆదాయం ఉండదు, నెలవారీ వాయిదా మాత్రం ఆగదు. మొదటి కుదుపు వచ్చిన రోజునే రాయించుకున్న జాబ్ కార్డు అతనికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.