కారు కింద ఎర్ర చుక్కలు పడుతున్నాయా? గేర్‌బాక్స్ కాలిపోకముందే ఈ పైపులు చూసుకోండి

అమెరికాలోని డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. చదువుకో, ఉద్యోగానికో కొత్తగా దిగినవాళ్లలో చాలామంది ముందు కొనేది సెకండ్ హ్యాండ్ కారే. కొత్త కరోలా ధరలో చిన్న వాటాకే పాత లెక్సస్ ఎల్‌ఎస్ 430 దొరుకుతోందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. 2001 నుంచి 2006 మోడళ్ల వరకు వచ్చిన ఈ కారులో 4.3 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది. సరిగ్గా చూసుకుంటే లక్షల మైళ్లు తిరుగుతుందని దీనికి పేరు. అయితే మంచు కురిసే రాష్ట్రాల్లో ఈ కారుకి అసలు ముప్పు ఇంజిన్‌తో కాదు, కింద కనిపించకుండా ఉండే రెండు సన్నటి ఇనుప పైపులతో. వాటినే ట్రాన్స్‌మిషన్ కూలర్ లైన్లు అంటారు.

ఆ పైపుల పనేంటి?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎర్రటి నూనెతో నడుస్తుంది. దాన్ని ఏటీఎఫ్ అంటారు. గేర్లు మారేది ఈ నూనె ఒత్తిడితోనే. లోపలి క్లచ్ ప్లేట్లు చల్లగా ఉండేది కూడా దీనివల్లే. వేడెక్కిన నూనె ఒక పైపులో ముందుకు వెళ్లి, రేడియేటర్ లోపల ఉండే చిన్న కూలర్‌లో చల్లబడి, రెండో పైపులో వెనక్కి వస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు ఈ నూనెను తిప్పుతూనే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. పైపుకి చిల్లు పడితే కారు నడుస్తున్నంతసేపూ నూనె బయటికి పోతూనే ఉంటుంది. చిల్లు పెద్దదైతే కొన్ని నిమిషాల్లోనే గేర్‌బాక్స్ ఎండిపోవచ్చు.

మరి తుప్పు ఎందుకు? చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గనే ఉంది. అంటే అక్కడ ఉప్పుకి కొదవే లేదు! ఉప్పు నీళ్లు కారు కిందకి చిమ్ముతాయి. పైపుని పట్టి ఉంచే క్లిప్పుల దగ్గర, రబ్బరు తొడుగుల కింద ఆ తడి మట్టి ఇరుక్కుని నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే పైపు బయటికి బాగానే కనిపించినా క్లిప్ తీసి చూస్తే పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఎర్ర చుక్క అంటే అదేనా?

కంగారు పడొద్దు. టయోటా, లెక్సస్ కార్లలో కూలెంట్ కూడా ఎరుపు లేదా గులాబీ రంగులోనే ఉంటుంది. పవర్ స్టీరింగ్ నూనె కూడా ఎర్రగానే ఉంటుంది. ఒక తెల్ల అట్టముక్కను రాత్రంతా కారు కింద పెట్టి, పొద్దున చూస్తే తేడా తెలుస్తుంది. కూలెంట్ నీళ్లలా పలచగా ఉండి తియ్యటి వాసన వస్తుంది. ఏటీఎఫ్ వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, అట్టమీద నూనె మరకలా పాకుతుంది. రేడియేటర్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య పైపులు వెళ్లే దారిలోనే చుక్కలు పడితే అనుమానం ఆ పైపుల మీదే.

డీ లోకి వేశాక కారు కదలడానికి టైం తీసుకుంటోందా? యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోంది కానీ వేగం పెరగడం లేదా? అలాగైతే నూనె ఇప్పటికే బాగా తగ్గిందన్నమాట. ఇక ఒక్క మైలు కూడా నడపకూడదు. పంపు నూనెకు బదులు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. ‘మెల్లగా ఇంటిదాకా వెళ్లిపోదాంలే’ అనుకున్నవాళ్లకే పైపు ఖర్చు కాస్తా గేర్‌బాక్స్ ఖర్చు అవుతుంది. ఈ కారు వెనక చక్రాలతో నడుస్తుంది కాబట్టి, టో ట్రక్ పిలిచినా కారు మొత్తాన్ని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే అడగాలి. ఇంకో సంగతి. కారిన నూనె వేడి సైలెన్సర్ పైపు మీద పడితే పొగ రావడమే కాదు, మంట కూడా అంటుకోవచ్చు.

రిపేర్ ఎలా?

చాలామంది చేసే పని, తుప్పు పట్టిన ముక్క కోసేసి దొరికిన రబ్బరు గొట్టం తొడిగి క్లాంప్ బిగించడం. ఇది మంచి పని కాదు. హీటర్ గొట్టం, పెట్రోల్ గొట్టం వేడి ఏటీఎఫ్‌కి తట్టుకోవు, కొన్నాళ్లకు మెత్తబడి పగులుతాయి. రబ్బరే వాడాలంటే ఎస్‌ఏఈ జే1532 అని రాసి ఉన్న ట్రాన్స్‌మిషన్ కూలర్ గొట్టమే వాడాలి. ఇనుప పైపు చివర ఉబ్బెత్తుగా అంచు చేయకుండా గొట్టం తొడిగితే అది ఎప్పుడో ఒకరోజు హైవే మీద ఊడిపోతుంది.

కారును మూడు, నాలుగేళ్లు ఉంచుకోవాలనుకుంటే పైపు మొత్తం మార్చడమే మేలు. కంపెనీ వంపులతో వచ్చే రెడీమేడ్ పైపు దొరికితే అది పెట్టేయొచ్చు. దొరకకపోతే నికెల్ కలిసిన రాగి పైపు ఉంది. అమెరికాలో ఆటో పార్ట్స్ షాపుల్లో 25 అడుగుల చుట్టలుగా అమ్ముతారు. చేత్తోనే వంగుతుంది, ఉప్పుకి తుప్పు పట్టదు. కానీ ఏసీలకు, ఇంటి ప్లంబింగ్‌కి వాడే మామూలు రాగి పైపు మాత్రం వద్దు. కారు అదురుకి అది గట్టిపడి పగులుతుంది.

అసలు పరీక్ష పాత నట్టు విప్పడంలో ఉంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి. మామూలు పానా వేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. నట్టు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా కావాలి. రేడియేటర్ వైపు అయితే రెండు పానాలు వాడాల్సిందే. ఒకదానితో రేడియేటర్ వైపున్న ఫిట్టింగ్‌ని కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పాలి. ఇక్కడ తొందరపడి ఒకే పానాతో తిప్పితే లోపలి కూలర్ మెలితిరిగి పగలొచ్చు. అప్పుడు కూలెంట్, ఏటీఎఫ్ కలిసిపోయి స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా మారతాయి. ఆ మిశ్రమం గేర్‌బాక్స్‌లోకి వెళితే క్లచ్ ప్లేట్లు పాడైపోతాయి. నట్టు ఎంతకీ రాకపోతే పైపుని నట్టు దగ్గరే కోసేసి, ఆరు మూలల సాకెట్‌తో తీయాలి. దగ్గర్లో నూనె, ప్లాస్టిక్ రేడియేటర్ ట్యాంకు ఉంటాయి కాబట్టి గ్యాస్ మంటతో వేడిచేసే ఆలోచన వద్దు. కారు కిందికి వెళ్లేముందు జాక్ స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు.

నూనె విషయంలోనూ జాగ్రత్త. ఎల్‌ఎస్ 430లో 5 గేర్లున్న 2001-2003 మోడళ్లకు టైప్ టీ-4, 6 గేర్లున్న 2004-2006 మోడళ్లకు డబ్ల్యూఎస్ రకం పోయాలి. ఒకటి బదులు ఇంకోటి పోయకూడదు. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్ అయితే నూనె చెప్పిన వేడికి వచ్చాక, చెక్ ప్లగ్ తీసి లెవెల్ చూడాలి. ఇది ఇంట్లో కుదరకపోతే ఆ ఒక్క పని మెకానిక్‌కి వదిలేయడమే మంచిది.

బ్రేక్ పైపులు కూడా చూడండి

కూలర్ లైన్లు తుప్పు పట్టాయంటే, అదే ఉప్పు బ్రేక్ పైపుల మీద కూడా పడిందనే అర్థం. అది పోతే గేర్‌బాక్స్‌తో సరిపోదు, ప్రాణం మీదకొస్తుంది. 2015లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కూడా ఉప్పు చల్లే రాష్ట్రాల్లో 2007, అంతకన్నా పాత మోడల్ వాహనాల బ్రేక్ పైపులను చెక్ చేయించుకోవాలని, చలికాలమంతా కారు అడుగుభాగం కడిగించాలని హెచ్చరించింది. ఇంకో ముఖ్యమైన తేడా. కూలర్ లైన్‌కి అతుకు వేసే కంప్రెషన్ జాయింట్ బ్రేక్ పైపుకి ఎప్పుడూ వాడకూడదు, ఆ ఒత్తిడికి అది నిలవదు.

మిషిగన్‌లో కార్లకు ఏటా సేఫ్టీ తనిఖీ లేదు. పెన్సిల్వేనియాలో ఉంది. అంటే మిషిగన్‌లో పాత కారు కింద ఏముందో కొనేవాళ్లు చూసుకుంటే తప్ప ఇంకెవరూ చూడరు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు లోపలి లెదర్ సీట్ల కన్నా ముందు కింద టార్చి వేసి చూడాలి. అడుగుభాగమంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకాస్త అనుమానించాలి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే దగ్గర్లో మెకానిక్ షెడ్డులో లిఫ్ట్ ఎక్కించి, క్లిప్పుల దగ్గర వేలితో నొక్కి చూడాలి. ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేసి ఇంకోటి చూసుకోవడమే.