చూడకుండా మొక్కను గీసిన యంత్రం

మొక్కను ఎన్నడూ చూడని యంత్రం మొక్క బొమ్మ గీయగలదా? గీయగలదని బ్రిటిష్ చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్ (1928–2016) నిరూపించారు. 1966లో వెనిస్ బినాలేలో తన దేశానికి ప్రాతినిధ్యం వహించిన ఆయన, 1968లో అమెరికా వెళ్లి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. 1970ల తొలినాళ్లలో 'ఆరన్' అనే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టి, దశాబ్దాలపాటు దానికి మెరుగులు దిద్దారు.

ఆరన్‌కు కెమెరా లేదు. కొమ్మలు ఎలా చీలుతాయో, ఆకులు ఎలా అమరుతాయో తెలిపే నియమాలను కోహెనే రాసిచ్చారు. 1980లలో అలాంటి నియమాలతోనే అది మొక్కలను, మనుషులను గీసింది. గీసిన ప్రతి బొమ్మా కొత్తదే.

నేటి కృత్రిమ మేధ కోట్లాది చిత్రాలను చూసి నేర్చుకుంటోంది. ఆరన్‌కు గురువు ఒక్కరే, పేరూ తెలుసు. నేటి యంత్రాలకు గురువులు లెక్కలేనంతమంది. వారిలో చాలామందిని ఎవరూ అనుమతి అడగలేదు. మరి ఆ బొమ్మ ఎవరిది? ఆలోచించండి.