కాబూల్ గల్లీ ఇచ్చిన గవాహీ

2021 ఆగస్టు 29. అమెరికా ఫౌజు కాబూల్ వదలడానికి ఇంకొక్క రోజు. ఆ సాయంత్రం ఓ ఇంటి ముంగిట్లో ఆగిన కారుపై డ్రోన్ క్షిపణి పడింది. ఏడుగురు మాసూమ్ పిల్లలతో సహా పదిమంది చనిపోయారు. కారులో బాంబులున్నాయంది పెంటగాన్.

న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఆ గల్లీకి వెళ్లారు. ఇరుగుపొరుగు గవాహీ విన్నారు, సీసీ కెమెరాల వీడియోలు చూశారు. కారు నడిపింది ఓ సహాయ సంస్థ ఉద్యోగి. అందులోకి ఎక్కించినవి ఇంటికి నీళ్ల డబ్బాలు.

సెప్టెంబరు 17న పెంటగాన్ తప్పు ఒప్పుకుంది. డిసెంబరులో మాత్రం ఎవరికీ సజా లేదని తేల్చేసింది.

ఇన్సాఫ్ దొరకలేదు, నిజమే. కానీ ఆ గవాహీ లేకుంటే ఆ డ్రైవరు తారీఖ్‌లో దహషత్‌గర్దుగానే మిగిలేవాడు. బాంబు వేసినవాళ్లే లెక్క రాస్తే మజ్లూమ్ పేరు అందులోకి ఎక్కదు. అందుకే చూసింది చూసినట్టు చెప్పడం మన మీదున్న అమానత్.