మహాసంఖ్యలు

కోటికి మించిన దశాంశ స్థానాలకు భారతీయ గణితంలో ఉన్న పేర్లను మహాసంఖ్యలు అనవచ్చు. వీటిలో ప్రతి స్థానం విలువ దాని ముందున్న స్థానానికి పది రెట్లు.

క్రీ.శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసార సంగ్రహం' 24 స్థానాలను పేర్కొంది. పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని 'సారసంగ్రహ గణితం'గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. శాస్త్ర విషయాన్ని తెలుగులో చెప్పిన తొలి రచనల్లో ఇదొకటి.

ఈ క్రమంలో శతకోటి తర్వాత అర్బుదం, న్యర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం, క్షోణి, మహాక్షోణి, శంఖం, మహాశంఖం, క్షితి, మహాక్షితి, క్షోభం, మహాక్షోభం వస్తాయి. మహాక్షోభం అంటే 1 పక్కన 23 సున్నలు. తెలుగువారి సంప్రదాయ పట్టిక ఇక్కడితో ఆగక నిధి, మహానిధి, పర్వతం మొదలైన పేర్లతో 36వ స్థానమైన మహాభూరి దాకా సాగుతుంది.

పేర్ల విలువలు అన్ని గ్రంథాల్లో ఒకటి కావు. మహావీరుని అర్బుదం వెయ్యి కోట్లు. భాస్కరాచార్యుని 'లీలావతి' (1150)లో అది పది కోట్లే. అందువల్ల ప్రాచీన గ్రంథంలోని సంఖ్యను లెక్కకట్టేముందు అది ఏ పద్ధతిని అనుసరించిందో తప్పక చూడాలి.

నేటి వ్యవహారంలో లక్ష, కోటి మాత్రమే నిలిచాయి. ప్రభుత్వ బడ్జెట్లను లక్షల కోట్లలో చెబుతారు. లక్ష కోట్లు ఒక ట్రిలియన్‌కు సమానం. రసాయన శాస్త్రంలోని అవగాడ్రో సంఖ్య పాత లెక్కలో సుమారు ఆరు మహాక్షోభాలు.