పెన్నయొడ్డున తాడిపత్రి: ఓడలులేని రేవు

తెలుగున ‘రేవు’ అను పదమునకు రెండర్థములు కలవు. ఓడలు నిలుచు చోటు ఓడరేవు. జనులు నీటికి దిగుచోటును, ఏఱు దాఁటుచోటును రేవే. సంస్కృతమున ‘తీర్థ’ శబ్దమును ఇట్లే దిగుచోటును, పుణ్యస్థలమును గూడఁ దెలుపును. గణపతిదేవుని అభయశాసనముచేఁ బ్రసిద్ధమైన మోటుపల్లి మొదటి తెగకుఁ జేరినది. అనంతపురమండలమునందలి తాడిపత్రి రెండవ తెగకుఁ జేరినది.

పెన్న, అనఁగా ఉత్తరపినాకిని, కర్ణాటమునందలి నందిదుర్గప్రాంతమునఁ బుట్టి, పామిడి, తాడిపత్రులమీఁదుగాఁ బ్రవహించి, గండికోటకడఁ గొండలను జీల్చుకొని, కడప, నెల్లూరు సీమలను గడచి తూర్పుసముద్రమునఁ గలియుచున్నది. దీని పొడవు సుమారు 597 కిలోమీటర్లు. కాని యీ పీఠభూమియందు సంవత్సరమునకుఁ గురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచే నదీగర్భమునఁ బెక్కుమాసములు ఇసుకయే కనఁబడును. నావలు నడచుట కవకాశము లేదు. ఇట్టి యేటియొడ్డున వర్తకస్థానమెట్లు వెలసెను?

దీనికి సమాధానము నావలయందుఁగాక పెరికయెద్దులయందుఁ గలదు. లంబాడీలు ఉప్పును, ధాన్యమును ఎద్దులపై వేసికొని తీరమునుండి లోనాడునకు నడచుచుండిరి. ఎద్దుల గుంపునకు వలసినవి నీరును, మేఁతయు. ఎండిన యేటియందును ఇసుకలోఁ జెలమలు త్రవ్విన నీరు దొరకును. తాడిపత్రి నదియొడ్డునఁ గల శివాలయమునకు ‘బుగ్గ’ రామలింగేశ్వరాలయమని పేరు వచ్చుటకు లింగమూలమున నూరుచుండు నీటిబుగ్గయే కారణము. ఆ కఱవుసీమలో నీరున్న రేవే బాటసారులకు మజిలీ, మజిలీయే సంత.

విజయనగరకాలమున గండికోట నేలిన పెమ్మసానివారు ఈ యాలయమును, ఊరిలోని చింతల వేంకటరమణాలయమును గట్టించిరి. రామలింగేశ్వరాలయ గోపురములు పూర్తికాకయే నిలిచిపోయినను, వాని శిల్పమును శిల్పచరిత్రకారుఁడగు జేమ్సు ఫెర్గుసన్ మిక్కిలి ప్రశంసించెను. మెట్టపొలముల పన్నుచేతనే యింతటి నిర్మాణము సాగినదనుట కష్టము. మార్గసుంకములును దీనికిఁ దోడ్పడియుండునని యూహింపవచ్చును.

మార్గస్థితియు ఈ యూహకు బలము నిచ్చుచున్నది. తాడిపత్రికి వాయవ్యమున గుత్తిదుర్గమును, దిగువను గండికోటయు నున్నవి. ఈ రెండు కోటలు నేలినవారికి నడిమిలోయ వశమగును. 1565లో రాక్షసితంగడి యుద్ధముపిమ్మట రాజధాని పెనుకొండకు మాఱుటచే నీ సీమ రాజ్యమునకు నడుమ నిలిచెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుఁడగు తావెర్నియే మీర్ జుమ్లాను గండికోటలోనే దర్శించెను. వజ్రములకుఁ బేరెన్నికగన్న వజ్రకరూరు గుత్తికి దూరము కాదు. 1776లో హైదరాలీ గుత్తిని మురారిరావునుండి గైకొనెను. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తముచేసెను.

పెరికయెద్దుల వర్తకమున కొక గొప్ప లోపము కలదు. కఱవు వచ్చినపుడు మేఁతలేక యెద్దులే ముందు చచ్చును; ధాన్యము మిక్కిలి కావలసిన వేళనే బాట మూఁతవడును. 1871లో మద్రాసునుండి రాయచూరువఱకు రైలుమార్గము పూర్తియగుటచే తాడిపత్రి కీ లోపము తీఱినట్లు కనఁబడెను. కాని 1876-78 నాఁటి మహాక్షామమున రైలుపై ధాన్యము వచ్చినను, కొనుటకు ధనములేక మద్రాసు రాజధానిలో లక్షలకొలఁది జనులు మరణించిరి. బాట తెఱచియుండుట వేఱు, ఆఁకలి తీఱుట వేఱు అని యా క్షామము చాటినది.

నేఁడు తాడిపత్రినుండి నాపబండలు లారీలపై దూరదేశములకుఁ బోవుచున్నవి. సరకు మాఱినది, వాహనము మాఱినది. ఊరు బాటనే నమ్మియున్నది. పెన్న కిరుదరులఁ గల గ్రామములయందలి శాసనములలో సుంకముల ప్రసక్తి యెచ్చట నున్నదో స్థానిక పండితులు వెదకి సమకూర్చిరేని, పై యూహ నిలుచునో తొలఁగునో తేలఁగలదు.