నిశాదీప్త మేఘముల ధూళి

1883 ఆగస్టులో క్రాకటోవా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని భస్మము అంతరిక్షమంతటను వ్యాపించి, దేశదేశముల సాయంసంధ్యలు చిరకాలము రక్తవర్ణము దాల్చియుండగా, ఆకసమును తదేకదృష్టితో చూచుట కలవాటుపడిన యూరపు ఖగోళప్రియులకు, 1885 వేసవి రాత్రులందు, ప్రొద్దుగ్రుంకి చాలసేపైన పిమ్మట, ఉత్తర దిక్కున వెండిజలతారు పఱచినట్లు నీలకాంతులీను పలుచని నిశాదీప్త మేఘములు కానవచ్చెను. బెర్లిను నగరపు ఒట్టో యెస్సె వానికి ఏకకాలమున వేర్వేఱు తావులనుండి ఛాయాచిత్రములు తీయించి, వానియందలి స్థానభేదమునుబట్టి యెత్తు సుమారు 82 కిలోమీటర్లని గణించెను. నీటియావిరి నామమాత్రముగ నున్న ఆ శూన్యప్రాయమండలమున మేఘమెట్లు పుట్టెను? అగ్నిపర్వత భస్మమే కారణమని తొలుత తలచిరి. భస్మము రాలిపోయిన పిదపను మేఘములు వచ్చుచునే యుండుటచే, 1926లో రష్యను శాస్త్రజ్ఞుడు లియొనీడ్ కూలిక్ ఇది ఉల్కాధూళి పని కావచ్చుననెను.

ఊహ సరే, సాక్ష్యమేది? బెలూను అంత యెత్తునకు పోజాలదు. ఉపగ్రహము అంత దిగువను నిలువజాలదు. రాకెట్టు మాత్రమే యొక్క క్షణకాలము ఆ మేఘమును చీల్చుకొని పోగలదు.

1962 ఆగస్టులో స్వీడను ఉత్తరప్రాంతమున క్రోనోగార్డు అను చోటనుండి, స్టాక్‌హోమువాడగు విట్, అమెరికావారగు హెమెన్వే, సోబర్మన్ మున్నగు శాస్త్రజ్ఞులు నైకీ-కేజన్ రాకెట్లను పైకి పంపిరి. రాకెట్టు శిరోభాగము మేఘస్థాయి సమీపింపగనే తెఱచుకొని, లోపలి పలుచని పొరలమీద ధూళి నంటించుకొని, మరల మూసికొని, పారాచూటుతో నేలకు దిగవలెను. ప్రయోగించిన నాల్గింట రెండు మాత్రమే ఫలించెను: ఒకటి మేఘము లేని రాత్రి, మఱియొకటి మేఘము వెలుగుచున్న రాత్రి. మేఘము లేని రాత్రి కూడ రాకెట్టు పంపవలెనన్న ఆలోచనయే ఈ చరిత్రలో అన్నిటికంటె కొనియాడదగినదని నాకు తోచును; ఆ పోలికయే లేకున్న రెండవదాని రాబడికి విలువ యెక్కడిది? మేఘమునుండి వచ్చిన పొరలమీద కణములు అనేక రెట్లధికముగ నుండెను. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూడగా, ఒక్కొక్క రేణువు చుట్టును కరగిపోయిన మంచుపూత వదలిన వలయము కనబడెను. కొన్నిట ఉల్కాధూళిని సూచించు ఇనుము, నికెలు తేలెను.

తరువాతి ప్రయోగములందు ఇంత స్పష్టఫలము రాకపోవుటచే, ఆ రేణువులు భూమిమీది కల్మషమేమో యని శంకించినవారును కలరు. ఆ శంక న్యాయమైనదే. అయితే 2007లో పైకెగసిన ఎయిమ్ ఉపగ్రహము, ఆ మేఘములగుండ వచ్చు సూర్యకాంతి యెంత తఱుగుచున్నదో కొలువగా, మంచుకణముల ఘనపరిమాణమున నూటికి మూడు వంతులవఱకు ఉల్కలు కాలిన పొగయే యిమిడియున్నదని 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.